చర్చల గదిలో కుర్చీ లేనివాళ్లు: ఉత్తర ఐర్లండ్‌లో ఆరు రోజులు

బెల్‌ఫాస్ట్‌లో ఎవరినైనా "మీరు యూనియనిస్టా?" అని అడిగే ముందు కాస్త ఆగాలి. అక్కడ యూనియనిస్టు అంటే బ్రిటన్‌తోనే కలిసి ఉండాలని కోరే మనిషి, ఎక్కువగా ప్రొటెస్టెంటు. కార్మిక సంఘం మనిషిని ట్రేడ్ యూనియనిస్టు అని మాట పూర్తిగా పలకాలి. ఒకే ఫ్యాక్టరీలో, ఒకే సంఘంలో ఈ యూనియనిస్టూ, ఐర్లండ్ అంతా ఒకటి కావాలనే కాథలిక్కూ పక్కపక్కన పనిచేస్తారు. ఆరు రోజుల ఈ దారి అంతా ఆ ఇద్దరి మధ్యనుంచే పోతుంది.

1960ల చివర మొదలైన సాయుధ ఘర్షణలో 3,500 మందికి పైగా చనిపోయారు. 1998 ఏప్రిల్ 10న గుడ్ ఫ్రైడే ఒప్పందం కుదిరింది. చర్చల్లో కూర్చున్నవి బ్రిటన్, ఐర్లండ్ ప్రభుత్వాలు, ఎన్నికైన పార్టీలు. కార్మిక సంఘాలకు అక్కడ కుర్చీ లేదు. కానీ ఊళ్లు, బడులు, చర్చిలు మతం చొప్పున చీలిపోయిన చోట రెండు వైపుల మనుషులూ రోజూ కలిసే చోటు పని స్థలం ఒక్కటే. దాన్ని చీలనివ్వకుండా కాపాడడమే సంఘాలు శాంతికి చేసిన అసలు సాయం అని చెప్పాలి. ఊరేగింపులు, తీర్మానాలు దాని తర్వాతే.

బయల్దేరే ముందు

భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారికి ముందు తేలాల్సింది వీసా. బెల్‌ఫాస్ట్ బ్రిటన్ కింద, డబ్లిన్ ఐర్లండ్ రిపబ్లిక్ కింద. మధ్యలో సరిహద్దు చెక్‌పోస్టు ఉండదు, రైలు ఆగకుండా దాటిపోతుంది. చెక్‌పోస్టు లేదు కదా అని వీసా అక్కర్లేదనుకోవడమే చాలామంది చేసే తప్పు. భారతీయులకు బ్రిటిష్-ఐరిష్ వీసా పథకం ఉంది. అర్హత ఉన్న వీసా ఒకటుంటే రెండు చోట్లా తిరగొచ్చు, అయితే వీసా ఇచ్చిన దేశంలోనే మొదట దిగాలి. అన్ని రకాల వీసాలకూ ఇది వర్తించదు కాబట్టి టికెట్టు కొనకముందే సరిచూసుకోవాలి. ఉత్తరాన పౌండు, దక్షిణాన యూరో. బెల్‌ఫాస్ట్ బ్యాంకులు సొంతంగా అచ్చువేసే పౌండు నోట్లను లండన్ దుకాణాల్లో తీసుకోవడానికి తటపటాయిస్తారు, వాటిని ఇక్కడే ఖర్చుపెట్టేయడం మంచిది.

మొదటి రోజు: బెల్‌ఫాస్ట్ నడిబొడ్డు

డబ్లిన్ కానలీ స్టేషన్ నుంచి ఎంటర్‌ప్రైజ్ రైలు రెండు గంటల్లో బెల్‌ఫాస్ట్ గ్రాండ్ సెంట్రల్‌కు చేరుస్తుంది. ఈ స్టేషన్ 2024లో తెరిచారు. పాత గైడు పుస్తకాలు లాన్యన్ ప్లేస్‌లో దిగమంటాయి, వాటిని నమ్మి గది తీసుకుంటే సామానుతో ఊరు దాటాల్సి వస్తుంది.

నడక కస్టమ్ హౌస్ మెట్ల దగ్గర మొదలుపెట్టాలి. 1907లో కార్మిక నాయకుడు జేమ్స్ లార్కిన్ ఇక్కడ నిలబడే రేవు కార్మికులతో మాట్లాడాడు. జనవరిలో ఊళ్లోకి వచ్చిన మనిషి వేసవికల్లా కాథలిక్కు, ప్రొటెస్టెంటు కూలీలను ఒకే సమ్మెలోకి తెచ్చాడు. జీతాల మీద పోలీసులు కూడా తిరగబడ్డారు. ఆగస్టులో సైన్యం ఫాల్స్ రోడ్డు ప్రాంతంలో కాల్పులు జరిపి ఇద్దరిని చంపింది, సమ్మె చెదిరిపోయింది. అక్కడినుంచి హై స్ట్రీట్‌లోకి వస్తే ట్రాన్స్‌పోర్ట్ హౌస్ కనిపిస్తుంది. 1950ల చివర రవాణా కార్మికుల సంఘం కట్టుకున్న భవనం అది. ఇప్పుడు వాడకంలో లేదు, అయినా గోడ మీద పలకలతో చేసిన పెద్ద కార్మిక చిత్రం చెదరలేదు. డొనెగాల్ స్ట్రీట్ ప్లేస్‌లో లార్కిన్ విగ్రహం గోడకు ఆనించి ఉంటుంది, తల పైకెత్తి వెతికితేగాని కంటబడదు.

అక్కడినుంచి పది నిమిషాల నడకలో సిటీ హాల్. 2024 మార్చిలో ఆవరణలో పెట్టిన విగ్రహాల్లో ఒకటి విన్నిఫ్రెడ్ కార్నీది. నార మిల్లుల ఆడవాళ్ల సంఘాన్ని నడిపిన మనిషి ఆమె. కింది అంతస్తు ప్రదర్శన చూడడానికి టికెట్టు లేదు. 1907 సమ్మె గుర్తుగా పెట్టిన రంగుల గాజు కిటికీ ముందు కాసేపు నిలబడాలి.

అయితే ఇక్కడ అసలు చూడాల్సింది ముందువైపు గేటు దగ్గరి కాలిబాట. 1993 నవంబరు 18న, 2002 జనవరి 18న, 2009 మార్చి 11న కార్మిక సంఘాల సమాఖ్య అయిన ఐరిష్ కాంగ్రెస్ ఆఫ్ ట్రేడ్ యూనియన్స్ పిలుపు మీద జనం వచ్చి నిలిచింది ఇక్కడే. మొదటిది 1993 అక్టోబరులో షాంకిల్, గ్రేస్టీల్ అనే చోట్ల జరిగిన హత్యల తర్వాత. రెండోది 20 ఏళ్ల తపాలా ఉద్యోగిని తెల్లవారుజామున డ్యూటీకి వస్తుండగా విధేయవాద (బ్రిటన్ వైపు ఆయుధం పట్టిన) సాయుధులు కాల్చి చంపిన ఆరో రోజున. అప్పుడు తపాలా కార్మికులు పని ఆపేశారు, ఆ శుక్రవారం పదుల వేల మంది బయటికొచ్చారు. మూడోది ఇద్దరు సైనికులను, ఒక పోలీసును ఒప్పందాన్ని ఒప్పుకోని రిపబ్లికన్ (ఐర్లండ్ ఒకటి కావాలని ఆయుధం పట్టిన) ముఠాలు చంపినప్పుడు. ఒకసారి చంపింది ఒక వైపు వాళ్లు, మరోసారి రెండో వైపు వాళ్లు. పిలిచింది మాత్రం ప్రతిసారీ ఒకే సంస్థ. ఆ పిలుపుకు బలం అక్కడినుంచే వచ్చింది.

ఇలాంటి సభ ఊరేగింపుగా కాకుండా ఒకే చోట నిలబడి జరగడానికి కారణం ఉంది. ఉత్తర ఐర్లండ్‌లో ఏ దారిన నడిచారన్నదే గొడవ. ఈ వీధి వాళ్లది, ఆ వీధి వీళ్లది. 1998 చట్టం ప్రకారం ఊరేగింపు తీయాలంటే మామూలుగా 28 రోజుల ముందు 11/1 అనే ఫారం నింపి పోలీసులకు ఇవ్వాలి, ఊరేగింపుల మీద నిర్ణయం తీసుకునే పరేడ్స్ కమిషన్ దాన్ని చూస్తుంది. అంత గడువు ఇవ్వలేకపోతే ఎందుకు ఇవ్వలేకపోయారో రాయాలి. హత్య జరిగిన నాలుగైదు రోజుల్లో జనాన్ని పోగుచెయ్యాలంటే అందరిదీ అయిన ఒక చోట కదలకుండా నిలబడడమే తేలిక. వేళ మధ్యాహ్నం అయితే ఆఫీసులవాళ్లు భోజన విరామంలో వచ్చి పోగలరు. జీతం, పని షరతుల మీద కాని సమ్మెకు చట్ట రక్షణ ఉండదు కనుక ఇది కూడా లెక్కలోకి వస్తుంది. సంఘాల బ్యానర్లు ఉంటాయి, దేశాల జెండాలు ఉండవు. మాటలకన్నా మౌనానికే ఎక్కువ చోటు. మైకు పట్టుకున్న మనిషి సరిహద్దు గురించి ఒక్క ముక్క అన్నా సభలో సగం మంది మనసులో వెనక్కి తిరిగిపోతారు.

2024 ఆగస్టులో వలస వచ్చినవాళ్ల దుకాణాల మీద దాడులు జరిగినప్పుడు వేల మంది మళ్లీ ఇక్కడికే వచ్చారు. సంఘాల బ్యానర్లూ వచ్చాయి. ఈ ఊరి ఆసుపత్రుల్లో ఎందరో భారతీయ నర్సులు పనిచేస్తున్నారు కాబట్టి మనవాళ్లకు ఈ కాలిబాట పరాయి సంగతి కాదు.

రెండో రోజు: ఓడల కార్ఖానా, స్టార్మంట్

జీ2 గ్లైడర్ బస్సు టైటానిక్ క్వార్టర్‌కు పోతుంది. గ్లైడర్లకు టికెట్టు బస్సులో ఇవ్వరు, ఎక్కకముందే స్టాపులోని యంత్రం దగ్గర తీసుకోవాలి. లేకపోతే జరిమానా.

పసుపుపచ్చ క్రేన్లు శామ్సన్, గొలయత్ దూరం నుంచే కనిపిస్తాయి. జనం టైటానిక్ మ్యూజియంలో మూడు గంటలు గడిపి వెళ్లిపోతారు. ఈ రేవులో మూడు తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే ఇంకో చరిత్ర కనిపిస్తుంది. 1920 జులై 21న ఇక్కడినుంచి కాథలిక్కులను తరిమేశారు. వాళ్లతోపాటు సోషలిస్టులైన ప్రొటెస్టెంట్లను కూడా "కుళ్లిన ప్రొటెస్టెంట్లు" అని పేరుపెట్టి గెంటేశారు. 1969 ఆగస్టులో ఊరు తగలబడుతుంటే ఇదే హార్లండ్ అండ్ వుల్ఫ్ ఓడల కార్ఖానాలో షాప్ స్టీవార్డులు వేల మందితో సభ పెట్టి, కార్ఖానాలోకి గొడవ రానివ్వమని తీర్మానం చేయించారు. 1920 మళ్లీ రాకపోవడానికి ఆ సభ ఒక ముఖ్య కారణం. షాప్ స్టీవార్డు అంటే పైనుంచి వచ్చిన నాయకుడు కాదు, అదే షెడ్డులో అదే పని చేసే మనిషి. ఎవడు ఎవణ్ని బెదిరిస్తున్నాడో అతనికి ముందే తెలుస్తుంది.

మూడో తేదీ సంఘాలకు చేదు పాఠం. 1974 మేలో అల్‌స్టర్ వర్కర్స్ కౌన్సిల్ అనే విధేయవాద బృందం సమ్మెకు దిగింది. కాథలిక్కు పార్టీతో అధికారం పంచుకున్న ప్రభుత్వాన్ని పడగొట్టడం దాని లక్ష్యం. పేరులో వర్కర్స్ ఉంది కానీ గుర్తింపు పొందిన ఏ సంఘమూ దాని వెనుక లేదు. మే 21న బ్రిటన్ కార్మిక సంఘాల సమాఖ్య టీయూసీ ప్రధాన కార్యదర్శి లెన్ మర్రే స్వయంగా వచ్చి "పనికి తిరిగి రండి" అంటూ ముందు నడిచాడు. వెంట వచ్చింది సుమారు రెండు వందల మంది. దారులన్నీ ముసుగుల వాళ్లు మూసేశారు. విద్యుత్ కేంద్రాల ఇంజనీర్లు సమ్మె వైపు ఉన్నారు, బాలీలంఫర్డ్ కరెంటు వాళ్ల చేతిలో ఉంది. పద్నాలుగు రోజుల్లో ప్రభుత్వం పడిపోయింది. లండన్ నుంచి వచ్చిన నాయకుడి పిలుపు షెడ్డులో మనిషికి అందదని, ఇంటి దగ్గర భయానికి సమాధానం చెప్పకుండా ఫ్యాక్టరీ గేటు దగ్గర ధైర్యం చెప్పి లాభం లేదని ఆ వారం తేల్చింది. తర్వాతి పెద్ద సభలకు స్థానిక ట్రేడ్స్ కౌన్సిళ్లు (ఊరి సంఘాలన్నీ కలిసే మండళ్లు), డిపోల్లోని ప్రతినిధులు ముందు నిలవడం వెనుక ఈ అనుభవం ఉంది.

మధ్యాహ్నం జీ1 గ్లైడర్ ఎక్కితే ఉత్తర ఐర్లండ్ అసెంబ్లీ ఉండే స్టార్మంట్ గేటు దగ్గర దిగొచ్చు. అక్కడినుంచి భవనం దాకా తిన్నగా ఒక మైలు పొడవున ఎక్కే రోడ్డు, వానకోటు చేతిలో ఉండాలి. పార్లమెంటు భవనాన్ని పనిదినాల్లో ఉచితంగా చూడొచ్చు, శని ఆదివారాల్లో వస్తే చాలాసార్లు గేట్ల ఫొటోతో సరిపెట్టుకోవాలి. ఒప్పందం కుదిరింది ఈ తెల్లటి భవనంలో కాదు, ఇదే ఆవరణలోని కాజిల్ బిల్డింగ్స్ అనే మామూలు ఆఫీసు భవనంలో. లోపలికి రానివ్వరు.

1996 జూన్‌లో అమెరికా మాజీ సెనేటర్ జార్జ్ మిచెల్ అధ్యక్షతన ఇక్కడ చర్చలు మొదలయ్యాయి. మే 30 ఎన్నికల్లో మొదటి పది స్థానాల్లో నిలిచిన పార్టీలకు ప్రవేశం దొరికింది. వాటిలో కార్మిక పక్షమనే చిన్న కూటమి పదోది, ఒక శాతం ఓటు కూడా రాలేదు. ఒక శాతం దాటిన మహిళా కూటమికి ప్రచారం నడిపించింది మే బ్లడ్, బెల్‌ఫాస్ట్‌లోని మిల్లులో షాప్ స్టీవార్డుగా పనిచేసిన మనిషి. ఇక్కడి లెక్క గమనించాలి: సభకు పదుల వేల మంది వస్తారు, ఓటు దగ్గరికి వచ్చేసరికి మళ్లీ ఎవరి వైపు వాళ్లే. అందుకే సంఘాలు పార్టీల ద్వారా కాకుండా బయటినుంచి ఒత్తిడి తెచ్చాయి. 1996లోనే వ్యాపార సంస్థలతో కలిసి ఏడు సంస్థల బృందంగా ఏర్పడి, చర్చలు విఫలమైతే ఉద్యోగాలకు ఏమవుతుందో పార్టీలకు చెబుతూ వచ్చాయి. యజమానుల పక్కన కూర్చోవడం సంఘాల్లో కొందరికి మింగుడుపడలేదు. అయినా ఆ నిర్ణయం సరైనదే.

ఒప్పందంలో సమానత్వం మీద ఉన్న అధ్యాయం వెనుక యూనిసన్ సంఘం నాయకురాలు ఇనెజ్ మెకార్మాక్ వంటివారి పట్టు ఉంది. అదే 1998 నార్తర్న్ ఐర్లండ్ చట్టంలో 75వ సెక్షన్ అయింది: ప్రభుత్వ సంస్థలు తొమ్మిది రకాల వర్గాల మధ్య అవకాశాల సమానత్వాన్ని చూడాలి. 60 మందితో ఏర్పాటైన సివిక్ ఫోరమ్‌లో సంఘాలకు 7 కుర్చీలు దక్కాయి. 2000 అక్టోబరులో మొదలైన ఆ ఫోరమ్ 2002లో అసెంబ్లీని తాత్కాలికంగా నిలిపివేయడంతో ఆగిపోయింది, మళ్లీ తెరవలేదు. సంఘాలు ఇంకా గట్టిగా అడగాల్సిన సంగతి అది.

మూడో రోజు: ఫాల్స్, షాంకిల్

నిన్న స్టార్మంట్‌కు తీసుకెళ్లిన జీ1 బస్సే ఇటు పడమరకు, కాథలిక్కుల ఫాల్స్ రోడ్డుకు వస్తుంది. అక్కడ సోషలిస్టు, కార్మిక నాయకుడు జేమ్స్ కానలీ పేరున ఒక కేంద్రం 2019 నుంచి ఉంది, గంట చాలు. రెండు వర్గాల వీధులను వేరుచేసే శాంతి గోడలోని గేటు గుండా ప్రొటెస్టెంట్ల షాంకిల్‌కు నడవొచ్చు, కానీ గేట్లు రాత్రి మూసేస్తారు. పగలే దాటాలి. షాంకిల్ రోడ్డులో చేపల దుకాణం మీద 1993 అక్టోబరు 23న ఐఆర్ఏ (ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీ) పెట్టిన బాంబుకు తొమ్మిది మంది, బాంబు తెచ్చినవారిలో ఒకడు చనిపోయారు.

పని చోట్ల బెదిరింపులను ఎదుర్కోవడానికి సంఘాలు 1990లో కౌంటరాక్ట్ అనే విభాగం పెట్టాయి. దానికి ఊతమైంది 1989 ఫెయిర్ ఎంప్లాయ్‌మెంట్ చట్టం. యజమాని ఉద్యోగుల మతాలవారీ లెక్క ఏటా ఇవ్వాలి, మూడేళ్లకోసారి సమీక్షించుకోవాలి. మొదట 25 మందికి పైబడిన సంస్థలకు, తర్వాత పది మంది దాటిన వాటికి వర్తించింది. యంత్రం మీద ఒక జెండా, లాకరు మీద ఒక రాత చిన్న సంగతిలా కనిపిస్తాయి. పక్క మనిషి మర్నాడు పనికి రాకపోవడానికి అవే చాలు.

నాలుగో రోజు: న్యూరీ, బెస్‌బ్రుక్, కింగ్స్‌మిల్

రైలులో న్యూరీకి 50 నిమిషాలు. స్టేషన్ ఊరికి దూరం, పక్కనే 18 కమానుల క్రేగ్‌మోర్ వంతెన. బెస్‌బ్రుక్ సుమారు 5 కి.మీ. అక్కడినుంచి కింగ్స్‌మిల్ పల్లె రోడ్డు మీద ఉంది. బస్సు మీద ఆశ పెట్టుకోకుండా న్యూరీలోనే టాక్సీని రానూపోనూ మాట్లాడుకోవాలి, అక్కడ ఫోన్ చేసి పిలిస్తే గంట పట్టొచ్చు.

బెస్‌బ్రుక్ నార మిల్లు కోసం క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవారు కట్టిన ఊరు. సారాకొట్టు, తాకట్టు దుకాణం, పోలీసు స్టేషన్ లేకుండా కట్టారు. ఘర్షణ కాలంలో మిల్లు సైనిక స్థావరమైంది.

1976 జనవరి 4 రాత్రి విధేయవాద సాయుధులు రెండు కాథలిక్కు ఇళ్లలో కాల్పులు జరిపారు, వాటిలో ఒకటి ఈ చుట్టుపక్కలదే; ఐదుగురు వెంటనే, ఒకరు తర్వాత చనిపోయారు. మర్నాడు సాయంత్రం గ్లెనాన్ బట్టల ఫ్యాక్టరీ నుంచి ఇళ్లకు వస్తున్న కార్మికుల మినీబస్సును కింగ్స్‌మిల్ దగ్గర ఆపారు. లోపల పన్నెండు మంది. కాథలిక్కు ఎవరని అడిగారు. బస్సులో ఉన్న కాథలిక్కు ఒక్కడే. అతణ్ని చంపడానికే వచ్చారనుకున్న ఇద్దరు ప్రొటెస్టెంటు తోటి కార్మికులు ముందుకు రావద్దని పట్టి ఆపారు. అతణ్ని పొమ్మని, మిగిలిన పదకొండు మందిని కాల్చారు. పది మంది చనిపోయారు, 18 తూటాలు తగిలిన ఒకరు బతికారు. ఇది ఐఆర్ఏ పని అని తర్వాత విచారణల్లో తేలింది.

రోడ్డు పక్క స్మారకం దగ్గర పెద్ద వాహనం ఆపే చోటు లేదు. ఆ చేతి పట్టు ఇక్కడ గుర్తుకు రాకుండా ఉండదు. శాంతి చర్చలను సంఘాలు ఎందుకు కోరాయి అంటే మొదటి సమాధానం ఆ ఇద్దరే.

అదే ఏడాది కార్మిక సంఘాల ఐరిష్ కాంగ్రెస్ "అందరికీ మెరుగైన బతుకు" అనే ఉద్యమం మొదలుపెట్టింది. ఆరు హక్కులు అడిగింది: హింస, మతవైరం, బెదిరింపు, వివక్ష లేకుండా బతకడం, భద్రమైన, మంచి జీతం గల పని, శాంతియుతంగా రాజకీయ మార్పు కోరే స్వేచ్ఛ, ఇల్లు, చదువులో సమాన అవకాశం, సామాజిక సేవలు. సరిహద్దు ఊసు లేదు. అది పిరికితనమని అప్పట్లో విమర్శ వచ్చింది. సరిహద్దు మీద ఓటు పెడితే సంఘమే రెండు ముక్కలయ్యేది, అప్పుడు 1993లో, 2002లో పిలవడానికి ఎవరూ మిగిలేవారు కాదు.

ఐదో రోజు: టీబేన్ మీదుగా డెరీకి

ఈ రెండు రోజులకు కారు కావాలి. భారతీయ లైసెన్సుతో నడపొచ్చు, ఎడమవైపు నడక మనలాగే. వేగం బోర్డులు ఉత్తరాన మైళ్లలో, సరిహద్దు దాటగానే కిలోమీటర్లలో ఉంటాయి. డెరీ నుంచి డొనెగాల్‌లోకి పోవాలనుకుంటే అద్దె కంపెనీకి ముందే చెప్పి కాగితం మీద రాయించుకోవాలి.

కుక్స్‌టౌన్ దాటి ఓమా వైపు పోతుంటే టీబేన్ కూడలి. 1992 జనవరి 17న ఓమాలోని సైనిక స్థావరంలో మరమ్మతు పని ముగించుకుని వస్తున్న పద్నాలుగు మంది కట్టుబడి కార్మికుల వ్యానును ఐఆర్ఏ బాంబుతో పేల్చింది. ఎనిమిది మంది చనిపోయారు. సైన్యానికి పనిచేసే కాంట్రాక్టరైనా, సరుకు అమ్మేవాడైనా తన గురిలోకి వస్తాడని ఐఆర్ఏ 1986లో ప్రకటించి ఉంది. మూడు వారాలు తిరగకుండానే బెల్‌ఫాస్ట్ ఓర్మో రోడ్డులోని ఒక పందెపు దుకాణంలో ఐదుగురు కాథలిక్కులను విధేయవాదులు చంపారు. మేస్త్రీ, వెల్డరు, వంటమనిషి గురి కాకూడదని సంఘాలు పట్టుబట్టాయి. "కూలికి పోయినవాణ్ని చంపడం తప్పు" అనే మాటకు రెండు వైపులా వినేవాళ్లు ఉన్నారు. స్మారక ఫలకం దగ్గర రోడ్డు వేగంగా ఉంటుంది, కారు పక్కదారిలో ఆపాలి.

ఆరో రోజు: డెరీ, గ్రేస్టీల్

ఊరిని కాథలిక్కులు డెరీ అంటారు, యూనియనిస్టులు లండన్‌డెరీ అంటారు. బస్సుల మీద రెండూ ఉంటాయి. ఎవరితో మాట్లాడుతుంటే వాళ్లు వాడిన పేరే వాడడం మర్యాద. గిల్డ్‌హాల్ చౌకు బెల్‌ఫాస్ట్ సిటీ హాల్ లాంటిదే, ట్రేడ్స్ కౌన్సిల్ సభలు ఇక్కడే. 2009లోనూ జనం ఇక్కడ నిలబడ్డారు. చొక్కాల ఫ్యాక్టరీలు నడిచిన కాలంలో ఈ ఊరి ఆడవాళ్లు వేల సంఖ్యలో కార్మికులు.

బన్‌క్రానా రోడ్డు మీద కోష్‌క్విన్ స్మారకం ఉంది. 1990 అక్టోబరు 24న ఐఆర్ఏ సైనిక శిబిరంలో వంటపని చేసే ఒక స్థానికుడి ఇంట్లోవాళ్లను బందీలుగా పట్టి, బాంబున్న వాహనాన్ని అతనితోనే సైనిక చెక్‌పోస్టు దగ్గరికి నడిపించింది. అతనితోపాటు ఐదుగురు సైనికులు చనిపోయారు.

తిరుగు ప్రయాణం ఏ2 రోడ్డు మీద పెట్టుకుంటే లిమవాడీ దారిలో గ్రేస్టీల్ వస్తుంది. 1993 అక్టోబరు 30 రాత్రి రైజింగ్ సన్ బారులో కాల్పులు. షాంకిల్‌కు ప్రతీకారమన్నారు. చనిపోయిన ఎనిమిది మందిలో ఆరుగురు కాథలిక్కులు, ఇద్దరు ప్రొటెస్టెంట్లు. పంతొమ్మిది రోజుల తర్వాత నవంబరు 18న ఉత్తర ఐర్లండ్ ఊళ్లలో సంఘాల సభలు జరిగాయి. ఐఆర్ఏ కాల్పుల విరమణ 1994 ఆగస్టు 31న, విధేయవాదులది అక్టోబరు 13న. ఆ సభల వల్లే విరమణ వచ్చిందని సంఘాల పాతతరం కూడా అనదు. తమ పేరు చెప్పి చంపుతున్నవాళ్లకు, ఆ పేరు వాడొద్దని వాళ్ల సొంత వీధుల మనుషులే ముఖం మీద చెప్పారు, అంతవరకు మాత్రం నిజం. బారు ముందు స్మారకం దగ్గర కారు ఆపేందుకు చోటుంది. బెల్‌ఫాస్ట్ ఇంకా గంటన్నర దూరం.